ఐ-7 ప్రశ్నావళి: మా ఇంట్లో నలుగురం నింపాక

"వాటర్ స్కీయింగ్ అంటే ఏంటక్కా?"

ఉప్పాడ ఒడ్డున బోల్తా వేసిన ఫైబర్ బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న మా తమ్ముడు అడిగాడు. మోటారు బోటుకి తాడు కట్టి, కాళ్ళకి చెక్కలు తగిలించుకుని, ఆ తాడు పట్టుకుని నీళ్ళ మీద జారుతూ పోవడం అని చెప్పాను. వాడు తల ఎత్తి, "చేపలకా?" అన్నాడు. కాదురా, సరదాకి అన్నాను. "మరైతే నాకొద్దని రాసెయ్" అన్నాడు. 'కాదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఆ టిక్కుతో వాడికి తెగువలో ఒక మార్కు పోయింది. శ్రావణ భాద్రపదాల్లో సముద్రం లేచి ఉన్నప్పుడు కూడా కెరటం దాటి వేటకి పోయే మనిషికి! మనిషిలో తొందరపాటు, తెగువ, సహానుభూతి ఎంతున్నాయో కొలిచే ఈ ఐ-7 ప్రశ్నావళి గురించి రాయాలని నాకు ఆ రోజే అనిపించింది. ఇందులో నేను పదేళ్ళుగా వెతుక్కుంటున్న మంచి ఆలోచన ఒకటి ఉంది. దాంతోపాటు మన తీరంలో వాడేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన లోపాలూ ఉన్నాయి.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ చదివాను. ఇప్పుడు కాకినాడ దగ్గర ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్‌ని. ఉద్యోగానికి పనికొస్తుందేమోనని ఈ ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకున్నాను. బయటివాళ్ళ మీద వాడేముందు నేను, మా వారు, మా అమ్మ, తమ్ముడు నింపి చూశాం. అందరి ఒప్పుకోలుతోనే వాళ్ళ మార్కులు ఇక్కడ చెబుతున్నాను.

ముందు అసలు వస్తువు ఏంటో చెప్పాలి. దీన్ని ఐ-7 అంటారు. 1985లో సిబిల్ ఐసెంక్, మరో ముగ్గురు సహపరిశోధకులు కలిసి ప్రచురించారు. సిబిల్ వియన్నాలో పుట్టి లండన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త, అదే రంగంలో పేరున్న హన్స్ ఐసెంక్ భార్య. మొత్తం 54 ప్రశ్నలు. 19 తొందరపాటు గురించి, 16 తెగువ గురించి, 19 సహానుభూతి గురించి, అంటే ఎదుటివాళ్ళ మనసు మనకి తాకడం గురించి. మూడు రకాలూ కలగలిపి అడుగుతారు కాబట్టి ఏ ప్రశ్న దేన్ని కొలుస్తోందో నింపేవాళ్ళకి వెంటనే తెలియదు. జవాబు అవును, కాదు, అంతే. 'కొంచెం', 'అప్పుడప్పుడు' లాంటివి లేవు. కొన్ని ప్రశ్నలకి 'అవును' అంటే మార్కు, కొన్నిటికి 'కాదు' అంటే మార్కు. నాకు పది నిమిషాలు పట్టింది. మా తమ్ముడు ఏడో తరగతితో ఆపేశాడు కాబట్టి చదివి వినిపించాను, ముప్పావుగంట పట్టింది.

ఇందులో నాకు నచ్చిన మంచి ఆలోచన ఏంటంటే, తొందరపాటుని, తెగువని విడదీయడం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ ఐసెంక్ దంపతులకి కూడా అది ఒక్కసారిగా తట్టలేదు. 1964 నాటి వాళ్ళ పాత ప్రశ్నావళిలో ఈ దూకుడంతా బహిర్ముఖత్వంలో ఒక భాగం. నలుగురిలో కలివిడిగా తిరిగేవాడు, ముందూవెనకా చూడకుండా దూకేవాడు ఒకే కోవ అనుకునేవారు. 1977లో ఆ ఒక్క మూటనీ విప్పి చూస్తే నాలుగు తేలాయి: అచ్చమైన తొందరపాటు, రిస్కు తీసుకోవడం, ముందస్తు ఆలోచన లేకపోవడం, హుషారు. ఆ మరుసటి ఏడాది వాటిని రెండు కొలతలుగా మలిచారు. తెగువ బహిర్ముఖత్వం వైపు మొగ్గింది. తొందరపాటేమో వాళ్ళు 'సైకోటిసిజం' అని పేరు పెట్టిన మొరటుదనం, పట్టించుకోనితనం వైపు మొగ్గింది. రెండూ ఒకే చెట్టు కొమ్మలైతే అలా చెరో దిక్కూ పోవు.

దీన్ని వివరించడానికి వాళ్ళు ఒక కారు ఉదాహరణ ఇచ్చారు. అవతల ఏముందో కనపడని మలుపు. ఒక డ్రైవరు రాంగ్ సైడులో ఆ మలుపు తిప్పుతున్నాడు. తొందరపాటు మనిషైతే ఎదురుగా బండి రావచ్చన్న ఊహే అతనికి రాదు. ఢీ కొట్టాక నిజంగానే ఆశ్చర్యపోతాడు. తెగువ ఉన్న మనిషికి ప్రమాదం తెలుసు. లెక్క వేసుకుని, తెలిసే తిప్పుతాడు. బయట నుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ చేసింది ఒకటే. తేడా అంతా మలుపుకి ముందు బుర్రలో జరిగిన దాంట్లో ఉంది.

ఇది చదివినప్పుడు నాకు మా వారు, మా తమ్ముడు ఇద్దరూ ఒకేసారి గుర్తొచ్చారు. చుట్టాల్లో మా వారికి 'తెగించే మనిషి' అని పేరు. ఆయనది ఎరువుల దుకాణం. నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం టీ తాగడానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి రొయ్యల చెరువు లీజుకి అడ్వాన్సు ఇచ్చేసి వచ్చారు. నీళ్ళ పరీక్ష చేయించలేదు. పక్క చెరువుల్లో రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చిందా అని అడగలేదు. రెండో నెలలో రొయ్యలు గట్ల వెంబడి తేలాయి. నా గాజులు బ్యాంకుకెళ్ళాయి. అయినా ఊళ్ళో అందరూ "గుండె ధైర్యమున్న మనిషి, పోతే పోయింది" అనే అన్నారు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను.

ఐ-7లో ఆయనకి తొందరపాటు 19కి 14 వచ్చింది. తెగువ 16కి 2. ఎత్తు మీంచి దూకడం, పారాచూట్, గుహల్లోకి దిగడం, స్పీడుగా బండి నడపడం అన్నిటికీ 'కాదు'. తీర్థంలో జెయింట్ వీల్ కూడా ఎక్కని మనిషి ఆయన. కొత్త ఆలోచన వస్తే అందులోని ఇబ్బందులు కనపడనంతగా దాంట్లో కొట్టుకుపోతారా, చూడగానే వస్తువులు కొనేస్తారా, ఎందుకు దిగానురా బాబూ అనిపించే పనుల్లో తరచూ ఇరుక్కుంటారా లాంటి ప్రశ్నలకి మాత్రం వరసగా 'అవును' అని పెట్టారు.

మార్కులు చూశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను రిస్కు తీసుకున్నాననే అనుకున్నాను. నిజానికి ఆ రోజు నాకు అందులో రిస్కు ఉందని తట్టనే లేదు" అన్నారు. ఈ నాలుగేళ్ళలో ఆ చెరువు గురించి మేమిద్దరం ఒకరినొకరు నొప్పించుకోకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి. ఆ మార్కులు ఆయన్ని పిరికివాడు అనలేదు, మొనగాడూ అనలేదు. ముందు ఆగి చూసే అలవాటు లేదు, అంతే. ఆ ఒక్క అలవాటు మీద పని చేయొచ్చు. అందుకే ఈ 19 ప్రశ్నలంటే నాకు గౌరవం.

నాకూ తక్కువేం రాలేదు. తొందరపాటులో 12. ఆలోచించకుండా మాట అనేస్తారా అన్న ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, కొడుకుని మూడోసారి చేర్పించడానికి ఒక తల్లి వచ్చింది. ఆ రోజు నేను అలసిపోయి ఉన్నాను. "మీరు గారం చేసి వాణ్ణి ఇలా తయారు చేశారు" అనేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది. ఆరు నెలల దాకా మళ్ళీ రాలేదు. ఆ ఆరు నెలల్లో ఆ అబ్బాయి ఎంత తాగి ఉంటాడో నాకు తెలుసు. 'అవును' అని పెట్టాను. మత్తుకి అలవాటు పడినవాళ్ళలో తొందరపాటు ఎక్కువగా ఉంటుందని మా వృత్తిలో అందరం చదువుకుంటాం. అదే కొలత మన మీద పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలని నాతో పనిచేసేవాళ్ళకి గట్టిగా చెబుతాను.

ఈ 19 ప్రశ్నల్లోనూ ఒక్కటి మా తీరంలో చెల్లదు. ఎవరైనా మీ మీద అరిస్తే మీరు తిరిగి అరుస్తారా అని ఉంది. ఒడ్డున పుట్టినవాళ్ళం మేము అరవకుండా మాట్లాడం. ఇంజను మోతలో, కెరటాల హోరులో పక్క బోటు మనిషికి వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. అదే గొంతు ఇంట్లోనూ ఉంటుంది. మా అమ్మ అన్నానికి పిలిచినా కొత్తవాళ్ళకి తగాదాలాగే వినపడుతుంది. ఆ ప్రశ్నకి మా ఇంట్లో నలుగురికి నలుగురం 'అవును'. దాంట్లో తొందరపాటు ఏమీ లేదు.

ఇప్పుడు మా తమ్ముడి దగ్గరకొస్తాను. వాడికి తొందరపాటు 3. అది నూటికి నూరుపాళ్ళూ నిజం. వేటకి పోయే రోజు తెల్లవారుజామున వాడు ఇసుకలో కూర్చుని కెరటాలు చూస్తాడు. పెద్ద కెరటాలు వరసగా ఎన్ని వస్తున్నాయి, తర్వాత ఎంతసేపు నీళ్ళు తేలిగ్గా ఉంటున్నాయి, గాలి ఏ మూల నుంచి వస్తోంది, పోటు ఎంతవరకూ వచ్చింది, ఇవన్నీ చూస్తాడు. కొన్ని రోజులు గంట కూర్చుని, లేచి, "ఇవాళ కాదు" అని ఇంటికొచ్చేస్తాడు. ఆ రోజు సంపాదన పోతుంది. డీజిలు అప్పు అలాగే ఉంటుంది. అయినా వచ్చేస్తాడు. పోదాం అనుకున్న రోజు మాత్రం ఇక వెనక్కి చూడడు. ఏదైనా తేడా వస్తే బోటు తిరగబడుతుందని తెలుసు. మా నాన్న అలాగే పోయాడు. ఆ సంగతి తెలిసిన మనిషి అదే చోట అదే కెరటం దాటుతున్నాడు. ఐసెంక్ దంపతుల సొంత ఉదాహరణ ప్రకారం చూస్తే తెగువ అంటే అచ్చంగా ఇదే. ప్రమాదాన్ని లెక్కగట్టి, తెలిసి దిగడం.

మరి వాడికి తెగువలో వచ్చిన మార్కులు 16కి 4.

కారణం ప్రశ్నల్లోనే ఉంది. ఆ 16 ప్రశ్నల్లో చాలాభాగం వాటర్ స్కీయింగ్, పారాచూట్, మంచుకొండల మీంచి జారడం, విమానం నడపడం నేర్చుకోవడం, స్కూబా డైవింగ్, గుహల్లోకి దిగడం చుట్టూ తిరుగుతాయి. ఇవన్నీ డబ్బు పెట్టి సెలవురోజున కొనుక్కునే ప్రమాదాలు. 1980ల ఇంగ్లాండులో ఆ ప్రశ్నలు పని చేశాయంటే నమ్ముతాను. అక్కడ ఒక గుమాస్తా అయినా ఏదో ఒక సెలవులో ఇలాంటిది చేయాలని కలగనొచ్చు. మా తమ్ముడికి ప్రమాదం అనేది కూలి. దాన్ని సరదాకి కూడా కొనుక్కుంటావా అని అడిగితే ఎవరైనా కాదనే అంటారు.

ఆ వరసలో ఒక ప్రశ్న ఉంది. ప్రమాదం అనేదే లేని బతుకు మీకు చప్పగా ఉంటుందా అని. చదివి వినిపించాను. వాడు సూది వలలో గుచ్చి వదిలేసి, సముద్రం వైపు చూశాడు. "అలాంటి బతుకు ఒక్క ఏడాది ఇప్పించక్కా. చప్పగా ఉందో లేదో అప్పుడు చెబుతాను" అన్నాడు. దానికి టిక్కు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. చివరికి 'కాదు' అని పెట్టాను. ఆ కాగితం తీసుకుని ఇంటికి నడుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడినట్టే ఉంది.

దారిన పోయే బండిని లిఫ్ట్ అడిగి ప్రయాణం చేయడం మరీ ప్రమాదమనుకుంటారా అని ఇంకో ప్రశ్న ఉంది. ప్రమాదం కాదంటే తెగువలో మార్కు. మా రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. కాకినాడ నుంచి ఉప్పాడ వచ్చే బీచ్ రోడ్డుని తుఫాను వచ్చినప్పుడల్లా సముద్రం కొరుకుతుంది. అది తెగిన రోజుల్లో ఎవరి బండి కనపడితే దాని వెనక ఎక్కుతాం. స్కూలు పిల్లలూ అంతే, చేపల గంప పట్టుకున్న మామ్మలూ అంతే. ఆ మామ్మలందరికీ ఒక మార్కు వచ్చేస్తుంది! దానికి ఎదురు చిక్కు ఇంకోటి: పాత ఉద్యోగం మానేముందు కొత్తది ఖాయం చేసుకుంటారా అని. ఇంటద్దె, స్కూలు ఫీజులు, చీటీ కట్టాల్సిన ఎవరైనా ఖాయం చేసుకునే మానతారు. దానికి తెగువ లేకపోవడం కారణం కాదు.

సహానుభూతి భాగం నాకు సగమే నచ్చింది. ఈ భాగంలోని ప్రశ్నల వెనక 1972లో మెహ్రాబియన్, ఎప్‌స్టీన్ తయారుచేసిన మరో ప్రశ్నావళి ఉంది. అది ముఖ్యంగా ఎదుటివాళ్ళ ఉద్వేగం మనకి అంటుకోవడాన్ని కొలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కంగారు పడుతుంటే మీకూ కంగారుగా ఉంటుందా, సంతోషంతో ఏడ్చేవాళ్ళని చూస్తే వెర్రితనం అనిపిస్తుందా, చుట్టూ అందరూ దిగులుగా ఉన్నా మీరు మామూలుగా ఉండగలరా, ఇలా ఉంటాయి. ప్రశ్నలు బాగానే ఉన్నాయి. కానీ ఇవి కొలిచేది సహానుభూతిలో ఒక ముక్కనే.

మా అమ్మకి 19కి 8 వచ్చింది. అమ్మ ఏడవదు. ఎవరైనా ఏడుస్తుంటే పక్కన కూర్చుని తనూ ఏడవడం ఆమెకి చేతకాదు. కానీ వాడలో ఎవరి బోటైనా రాలేదని తెలిస్తే మొదట ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది మా అమ్మే. ఆ ఇంటి పిల్లలకి గంజి పోసి, పెద్దామెకి బీపీ మాత్ర ఇచ్చి, అప్పులవాళ్ళు గుమ్మం ముందు నిలబడితే "నెల తర్వాత రండి" అని పంపించేస్తుంది. మా నాన్న పోయినప్పుడు ఏ పని ఎవరు చేస్తే తనకి నిలబడే ఓపిక వచ్చిందో ఆమెకి గుర్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఏం కావాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని నేను చూడలేదు. చుట్టూ అందరూ దిగులుగా ఉన్నా మామూలుగా ఉండగలరా అన్న ప్రశ్నకి 'అవును' అంది. ఉండకపోతే ఎలా అని నన్నే అడిగింది. ఆ జవాబుకి మార్కు లేదు.

ఇందులో అమ్మ తప్పేం లేదు. కొలిచే గిన్నె చిన్నది. మనసు కరగడం వేరు, ఎదుటివాళ్ళ స్థానంలో నిలబడి చూడగలగడం వేరు అని చెప్పే కొలతలు వేరే ఉన్నాయి. 1980లో మార్క్ డేవిస్ తెచ్చిన 28 ప్రశ్నల కొలత సహానుభూతిని నాలుగు ముక్కలు చేసి చూస్తుంది. అందులో ఎదుటివాళ్ళ కోణం నుంచి చూడడానికి ఒక భాగం, ఎదుటివాళ్ళ కష్టం చూసి మనమే బెంబేలెత్తిపోవడానికి ఇంకో భాగం ఉన్నాయి. సహానుభూతి మీదే పని ఉన్నవాళ్ళు దాని వైపు వెళ్ళడం మంచిది. ఐ-7 చేసినవాళ్ళ సొంత లెక్కల్లోనే ఈ మూడో భాగం మిగతా రెండింటికంటే బలహీనం. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే సంఖ్య తొందరపాటుకి, తెగువకి 0.8 దాటితే, సహానుభూతికి 0.7 దగ్గరే ఆగింది.

తెలుగులో పెట్టేటప్పుడు ఎదురైన చిక్కు ఒకటి చెప్పాలి, ఇంకెవరైనా ఈ పని చేస్తే సాయంగా ఉంటుంది. వ్యతిరేకంలో ఉన్న ప్రశ్నలకి మన అవును-కాదు సరిగ్గా కూర్చోవు. ప్రాణాలకి తెగించి కొండలెక్కేవాళ్ళు ఎందుకలా చేస్తారో అర్థం చేసుకోవడం కష్టమా అనే ప్రశ్నని నేను మొదట "మీకు అర్థం కాదా?" అని రాశాను. అమ్మ "కాదు" అంది. అర్థం కాదు అనా, అలా కాదు అనా? మళ్ళీ అడిగితే "ఆఁ, కాదు" అంది. రెండు రోజులు కూర్చుని అలాంటివన్నీ తిరగరాశాను. 'కాదా', 'లేదా', 'చేయరా' అని ముగిసే వాక్యం ఒక్కటీ మిగల్చలేదు. తర్వాత అమ్మకి మళ్ళీ మొదటి నుంచీ చదివి వినిపించాను. రెండు జవాబులు మారాయి. మొదటిసారి మార్కులు చింపి పారేశాను.

పేర్లు పెట్టడంలో మాత్రం మన భాష నాకు కష్టం లేకుండా చేసింది. తొందరపాటు, తెగువ అనే రెండు మాటలూ మన అమ్మమ్మలు వాడినవే. 'నిదానమే ప్రధానం', 'ఆలస్యం అమృతం విషం' అని ఒకదానికొకటి ఎదురు చెప్పే సామెతలు రెండూ మనకి కావాల్సి వచ్చాయంటే తేడా తెలుసు కాబట్టే. ఈ మధ్య అన్నిటికీ కలిపి 'డేరింగ్' అనేసి ఆ తేడా పోగొట్టుకున్నాం. మా సెంటర్‌కి వచ్చే కుర్రాళ్ళు కూడా, హెల్మెట్ లేకుండా రాత్రిపూట హైవే మీద బండి తోలడాన్ని డేరింగ్ అనే చెప్పుకుంటారు. ఆ మలుపు ఉదాహరణ చెప్పి, "ఎదురుగా లారీ వస్తుందేమో అన్న ఊహ నీకు వచ్చిందా, వచ్చి కూడా వెళ్ళావా?" అని అడుగుతాను. చాలామంది కాసేపు ఆగి, రాలేదు మేడమ్ అంటారు. అక్కడి నుంచే మా మాటలు మొదలవుతాయి.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, ఒక మనిషితో కూర్చుని మాట్లాడే పని ఉన్నవాళ్ళకి. చదువు తక్కువున్నవాళ్ళతో అవును-కాదు పద్ధతి హాయిగా ఉంటుంది. బారట్ పేరుతో 30 ప్రశ్నల తొందరపాటు కొలత ఒకటి ప్రపంచమంతా వాడతారు. అందులో ప్రతి ప్రశ్నకీ అరుదుగా నుంచి ఎప్పుడూ దాకా నాలుగు మెట్లు ఉంటాయి. ఆ మెట్ల దగ్గర మా పేషెంట్లు అలసిపోవడం నేను కళ్ళారా చూశాను. పైగా తెగువని విడిగా చూసే భాగం దాంట్లో లేదు.

ఎవరికి పనికిరాదంటే, మనుషుల్ని వడకట్టేవాళ్ళకి. మా బంధువుల అబ్బాయిని ఉద్యోగానికి పిలిచిన ఒక కంపెనీ, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఇలాంటి ప్రశ్నలే నింపించింది. 'దూకుడు లేదు' అని పక్కన పెట్టింది. ఏ వయసువాళ్ళతో, ఏ ఊరివాళ్ళతో పోల్చి అలా అన్నారో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. ఐ-7 సగటు మార్కులు బ్రిటన్‌లో పెద్దవాళ్ళ నుంచి తీసినవి. వయసు పెరిగేకొద్దీ తెగువ మార్కులు తగ్గుతాయని, ఆడవాళ్ళకి సగటున సహానుభూతి, మగవాళ్ళకి తెగువ ఎక్కువ వస్తాయని అందులోనే ఉంది. ఆ పట్టిక పక్కన ఉప్పాడ మనిషి మార్కు పెట్టి ఎక్కువ, తక్కువ అనడం తప్పు. పైగా ఇందులో అబద్ధాన్ని పట్టే ప్రశ్నలు లేవు. ఐసెంక్ దంపతుల పెద్ద ప్రశ్నావళిలో దానికి విడిగా ఒక భాగం ఉంది, ఇందులో లేదు. ఉద్యోగం కావాల్సిన మనిషి ఏ గడిలో టిక్కు పెడితే బాగుంటుందో ఊహించి పెట్టేస్తాడు.

ఐసెంక్ పేరు చూసి అనుమానపడేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక మాట. వ్యక్తిత్వానికి, క్యాన్సర్, గుండెజబ్బులకి ముడిపెడుతూ హన్స్ ఐసెంక్ ఇంకొకరితో కలిసి రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ తేల్చింది. ఐ-7 వాటిలోది కాదు. అయినా అది తెలిసే ఈ ప్రశ్నావళి పట్టుకున్నాను, అందుకే ప్రతి ప్రశ్ననీ మా ఇంట్లో మనుషుల మీద గీటుపెట్టి చూశాను.

అయిదుకి ఎంత అంటే ఒక్క అంకె ఇవ్వలేను. తొందరపాటు భాగానికి నాలుగున్నర. సహానుభూతికి రెండున్నర. తెగువ భాగానికి ఆలోచనకైతే అయిదు ఇస్తాను, ప్రశ్నలకి ఒకటి.

ఆ ఒకటిని పెంచే పనిలో ఉన్నాం. తమ్ముడు, నేను కలిసి పారాచూట్లూ మంచుకొండలూ తీసేసి మా తీరానికి సరిపోయే ప్రశ్నలు రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు అయ్యాయి. వాడు చెప్పినవి నావాటికంటే బాగున్నాయి. గాలి మారుతోందని తెలిసి, వల నిండుతున్నప్పుడు ఇంకో పది నిమిషాలు ఆగుతారా? పక్క బోటు ఇంజను ఆగిపోతే, మీ డీజిలు లెక్క చూసుకుని వెళతారా, చూసుకోకుండానే వెళతారా? ఈ రెండోది రెండు కొలతలకీ వస్తుందని చెప్పి రెండు ప్రశ్నలుగా విడగొట్టమన్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు వాడలో మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. కనీసం ఇరవై మందికి చదివి వినిపించాలి. మా అమ్మ, ఆడవాళ్ళని ఎందుకు అడగవు అంది. గంపలు మోసేవాళ్ళకి వేరే ప్రశ్నలు కావాలి, వాటికి ఆమే కూర్చుంటానంది.